పాత వాహనాల బాడీ పునరుద్ధరణ: బేగంపేట ఇళ్లలో రేకుపని

పాత కారు, జీపు, స్కూటరు బాడీకి పట్టిన తుప్పు తీసి, సొట్టలు లేపి, తినేసిన చోట కొత్త రేకు అతికి, రంగు వేయడానికి వీలుగా నునుపు చేసే పనిని బాడీ పునరుద్ధరణ అంటారు. హైదరాబాద్, సికింద్రాబాద్ జంటనగరాల షెడ్లలో ఇది టింకరింగ్, డెంటింగ్, పెయింటింగ్ అనే మూడు పేర్లతో నడుస్తుంది. ప్రమాదంలో దెబ్బతిన్న కొత్త కారును బాగుచేయడం వేరు, నలభై యాభై ఏళ్ల బండిని మళ్లీ నిలబెట్టడం వేరు. కొత్త కారుకు డోరు పోతే కంపెనీ డోరు వస్తుంది. పాత అంబాసిడర్‌కు, స్టాండర్డ్ హెరాల్డ్‌కు, ఆల్విన్ పుష్పక్ స్కూటరుకు ఉన్న రేకునే కాపాడుకోవాలి.

ఈ పనిని ఇంటి పోర్టికోలోనో అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనో సొంతంగా చేసుకునేవారు అన్ని నగరాల్లోనూ ఉన్నారు. వాళ్ల దగ్గర షెడ్డులో ఉన్నన్ని పనిముట్లు ఉండవు, మేస్త్రీకి తిరిగినంతగా చేయి తిరిగి ఉండదు. వాళ్లకున్నది సమయం. షెడ్డులో కూలి సాధారణంగా ప్యానెల్ లెక్కన కడతారు కాబట్టి ఒక మడ్‌గార్డు మీద రెండు రోజులు కూర్చుంటే మేస్త్రీకి గిట్టదు. అందుకే సొట్టను సగం లేపి మిగతాది పుట్టీతో నింపేస్తారు. ఇంట్లో చేసేవారికి ఆ తొందర లేదు. రేకును రేకుతోనే సరిచేసి, పుట్టీని చివరి పొరగా మాత్రమే వాడగలిగే వెసులుబాటు వాళ్లకే ఉంది. ఇంట్లో చేసిన పునరుద్ధరణ బాగా కుదిరిందా లేదా అన్నది ఈ ఒక్క విషయం మీదే తేలుతుంది.

బేగంపేట నేపథ్యం

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కుమార్తె బషీరున్నిసా బేగం పేరు మీద వెలసిన బేగంపేటకు, వాహనాల రేకుపనికి దగ్గర చుట్టరికం ఉంది. పేటకు పడమట సనత్‌నగర్, వాయవ్యంలో బాలానగర్, తూర్పున సర్దార్ పటేల్ రోడ్డు దాటితే రాణిగంజ్. సనత్‌నగర్‌లోని హైదరాబాద్ ఆల్విన్ మెటల్ వర్క్స్ 1942లో మొదలైంది. బస్సు బాడీలు, స్టీలు బీరువాలు, తర్వాత ఫ్రిజ్‌లు, ఇలా రేకును వంచి, మడిచి, అతికి చేసే వస్తువులెన్నో అక్కడ తయారయ్యాయి. 1932 జూన్‌లో 27 బస్సులతో మొదలైన నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా శాఖ పెరిగేకొద్దీ బస్సు బాడీ కట్టడం, బాగుచేయడం నగరంలో ఒక వృత్తిగా స్థిరపడింది. బాలానగర్‌లో 1968లో నెలకొన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ చుట్టూ అచ్చులు, డైలు, ప్రెస్సు పనులు చేసే చిన్న యూనిట్లు లెక్కకు మిక్కిలిగా వచ్చాయి. ఇంట్లో స్కూటరు విప్పినవారు ఫ్రేమును ఇసుక బ్లాస్టింగ్‌కో పౌడర్ కోటింగ్‌కో తీసుకెళ్లేది ఇప్పటికీ ఆ వైపుకే. నట్లు, బోల్టులు, ఎమరీ పేపర్లు, గ్యాస్‌కట్లు, చేతి పనిముట్ల కోసం రాణిగంజ్ వీధులున్నాయి.

ఇక బేగంపేట విమానాశ్రయం. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ 1946లో ఇక్కడి నుంచే డకోటా విమానాలు నడిపింది. 1953లో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ప్రయాణికుల విమానాలు 2008 మార్చిలో శంషాబాద్‌కు తరలిపోయేదాకా బేగంపేట హ్యాంగర్లలో అల్యూమినియం రేకును కొలిచి, కత్తిరించి, రివెట్లు కొట్టే పని సాగింది. విమానం బాడీకి పుట్టీతో ఒంపు తెప్పించడమనేది ఉండదు. అక్కడ రేకు సరిగ్గా కూర్చోవాలి, లేదా మార్చాలి. పాత కార్ల మీద పనిచేసేవారు మొదట నేర్చుకోవలసిన క్రమశిక్షణ ఇదే.

విమానాశ్రయంలోని వాతావరణ కేంద్రం లెక్కలు కూడా ఈ పనికి సంబంధించినవే. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. కూకట్‌పల్లి నాలా పొంగి బ్రాహ్మణవాడి, ప్రకాశ్‌నగర్ వైపు ఇళ్లలోకి నీరు చేరింది. 2020 అక్టోబరు 13న మళ్లీ 19 సెంటీమీటర్లు కురిసింది. వరదనీటిలో మునిగిన బండికి బయట కనిపించే బురద కడిగేస్తే పోతుంది. డోర్ల లోపల, పక్క దూలాల్లో, ఫ్లోరు మడతల్లో పేరుకున్న ఒండ్రు మాత్రం తేమను పట్టి ఉంచి ఏళ్ల తరబడి రేకును లోపలి నుంచి తింటుంది. పై రంగు ఉబ్బి బుడగ కనిపించేసరికి లోపల రంధ్రం పడి ఉంటుంది. విశాఖపట్నం, కాకినాడల్లో సముద్రపు ఉప్పుగాలి బండి అంతటినీ సమంగా తింటే, దక్కన్ పీఠభూమి మీద తుప్పు ఎక్కువగా నీరు నిలిచే చోట్లనే ఉంటుంది. ఇక్కడి పాత బండ్లలో పైకప్పులు, బానెట్లు చాలావరకు గట్టిగా ఉండి, కింది భాగాలు మాత్రమే పోయి ఉండడానికి కారణం ఇదే.

బండిని బట్టి పని

మన రోడ్ల మీది పాత బండ్లన్నీ ఒకేలా కట్టినవి కావు. బాడీని ఎలా కట్టారో తెలియకుండా కట్టర్ పట్టుకుంటే నష్టం తప్పదు. తొలినాటి కార్లకు ఛాసిస్ ఒక కంపెనీది, బాడీ మరొక కంపెనీది. చౌమహల్లా ప్యాలెస్‌లో ఇప్పుడు ప్రదర్శనలో ఉన్న 1912 నాటి పసుపు పచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌కు లండన్ బార్కర్ కంపెనీ బాడీ కట్టింది. ఆరో నిజాం కోసం తెప్పించిన బండి అది. అలాంటి బాడీల్లో కర్ర చట్రం మీద రేకు తొడుగుతారు. కర్ర పుచ్చిపోతే రేకు ఎంత బాగున్నా నిలవదు. చేత్తో బాడీ కట్టే ఆ పద్ధతి ఎలా ఉంటుందో చూడాలంటే 2010లో బహదూర్‌పురాలో తెరిచిన సుధా కార్స్ మ్యూజియం ఉంది. క్రికెట్ బ్యాట్, బూటు, కెమెరా ఆకారాల్లో కె. సుధాకర్ కట్టించిన నడిచే కార్లన్నీ రేకును సుత్తితో ఒంచి చేసినవే.

మారిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా మీద 1958 నుంచి 2014 దాకా ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్, ఫియట్ 1100 నుంచి వచ్చిన ప్రీమియర్ పద్మిని, 1983 చివర్లో రోడ్డెక్కిన మారుతి 800, ఈ మూడింటికీ విడిగా ఛాసిస్ ఉండదు. ఫ్లోరు, పక్క దూలాలు, స్తంభాలు కలిసే బరువు మోస్తాయి. రెండు వైపుల దూలాలు ఒకేసారి కోసేస్తే బాడీ మధ్యలో కుంగుతుంది, తర్వాత డోరు మూయబోతే పడదు. కోతకు ముందే డోరు సందుల్లో కోణపు ఇనుము అడ్డంగా వెల్డు చేసి బిగించాలి. బండి బరువు చక్రాల మీదో యాక్సిళ్ల కిందో ఆనాలి. ఒక వైపు పూర్తయ్యాకనే రెండో వైపు ముట్టుకోవాలి. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కు విడి ఛాసిస్ ఉంది, చాలా ప్యానెళ్లు బోల్టులు విప్పితే ఊడివస్తాయి. ఇంట్లో మొదటిసారి పని నేర్చుకునేవారికి ఇంతకంటే అనుకూలమైన కారు దొరకడం కష్టం. దాని తర్వాత విల్లీస్ జీపు. దాని రేకులన్నీ దాదాపు చదునుగా ఉంటాయి. కానీ చదునుగా ఉండడమే దాని చిక్కు కూడా, ఎందుకంటే చదును రేకు మీద చిన్న అల కూడా దాగదు.

స్కూటర్లలో రెండు జాతులు. బజాజ్ చేతక్, వెస్పాలకు రేకు బాడీయే ఫ్రేము. ఫుట్‌బోర్డు తుప్పు పడితే బండి బలమే పోతుంది. లాంబ్రెట్టాకు, ఆ నమూనా మీద వచ్చిన ఆల్విన్ పుష్పక్‌కు గొట్టపు ఫ్రేము, దాని మీద విడి రేకులు. విప్పి బల్ల మీద పెట్టుకుని పనిచేయవచ్చు.

పాత బండ్ల రేకు సుమారుగా 18 నుంచి 20 గేజి, అంటే 1.2 నుంచి 0.9 మిల్లీమీటర్ల మందం. తర్వాతి కార్లలో ఇది 0.8, 0.7కు దిగింది. సుత్తికి, వెల్డింగ్‌కు పాత రేకు ఎక్కువ ఓర్చుకుంటుంది. ఇప్పటి కారు కంటే పాత కారు బాడీపని ఇంట్లో చేయడం ఒక విధంగా తేలిక.

తుప్పు

ఇనుము, నీరు, ఆక్సిజన్ కలిస్తే తుప్పు. అది తాను పుట్టిన లోహం కంటే చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి రెండు రేకుల మధ్య మడతలో పుడితే ఆ మడతనే విడదీస్తుంది. డోరు కింది అంచులు ఉబ్బడం అందుకే. అంబాసిడర్‌లో డిక్కీ ఫ్లోరు, డోర్ల అడుగు, కార్పెట్ కింద ఫ్లోరు, జాకీ పెట్టే చోటు, అద్దం రబ్బరు కింది అంచు మొదట చూడాలి. ఏ కారుకైనా బ్యాటరీ పళ్లెం ఆమ్లంతో పోతుంది. పాత రంగు మీద గుడ్డ చుట్టిన అయస్కాంతం జరుపుతూ పోతే, అది పట్టు వదిలిన చోటల్లా కింద పుట్టీ మందంగా ఉందని అర్థం. ఒక చిన్న స్క్రూడ్రైవర్‌తో అనుమానమున్న చోట గట్టిగా పొడిచి చూడటం మరో పరీక్ష. గుచ్చుకుపోతే ఆ రేకు ఎలాగూ నిలిచేది కాదు.

పై తుప్పును వైరు బ్రష్షుతో, గ్రైండర్‌కు తగిలించే గరుకు డిస్కులతో తీస్తారు. గుంటల్లో మిగిలిన ఎర్రదనానికి ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు ద్రావణం పూస్తే ఆ తుప్పు ఐరన్ ఫాస్ఫేట్‌గా మారి నల్లబడుతుంది. ఈ ద్రావణం పలుచటి తుప్పుకే పనిచేస్తుంది. పొరలు పొరలుగా లేచిన తుప్పు మీద పోసి రంగు వేసేస్తే ఏడాది తిరగకుండా బుడగలు వస్తాయి. మడ్‌గార్డు బ్రాకెట్లు, స్కూటరు విడిభాగాల వంటి చిన్న ముక్కలకు విద్యుత్ పద్ధతి మంచిది. ప్లాస్టిక్ టబ్బులో చాకలిసోడా కలిపిన నీళ్లు పోసి, ముక్కను బ్యాటరీ ఛార్జర్ రుణ ధ్రువానికి, పనికిరాని ఇనుప పలకను ధన ధ్రువానికి కలిపితే తుప్పు వదులవుతుంది, మంచి ఇనుము పోదు. పలకగా స్టెయిన్‌లెస్ స్టీలు ఎంతమాత్రం వాడరాదు. దాని నుంచి విషపూరితమైన క్రోమియం నీటిలోకి వస్తుంది. హైడ్రోజన్ వెలువడుతుంది కనుక ఆరుబయటే చేయాలి.

పెద్ద ప్యానెళ్లకు ఇసుక బ్లాస్టింగ్ చేయించాలన్న ఆశ చాలామందికి కలుగుతుంది. ఛాసిస్‌కు, ఫ్రేముకు అది సరైనదే. బానెట్, పైకప్పు, డోరు పై రేకు వంటి విశాలమైన పలుచని భాగాలకు మాత్రం వద్దు. ఇసుక రవ్వల దెబ్బలకు పైపొర సాగి రేకు మెలి తిరుగుతుంది, తర్వాత దాన్ని సరిచేయడం ఎవరి తరమూ కాదు. వాటికి పెయింట్ రిమూవర్, ఓపిక చాలు. రేకు బయటపడిన రోజే ఎపాక్సీ ప్రైమర్ వేయాలి. వానాకాలంలో ఒక్క రాత్రి వదిలేసినా పసుపు మరక పడుతుంది. మన దగ్గర అలవాటుగా వేసే రెడాక్సైడ్ నీటిని పూర్తిగా ఆపదు. దాన్ని వేసి బండిని నెలల తరబడి వానలో నిలబెట్టినవారు పని మొదటి నుంచి మళ్లీ చేయవలసి వస్తుంది.

సొట్ట లేపడం

రేకుపనిలో అసలు విద్య ఇదే. దెబ్బ తగిలినప్పుడు రేకు మొత్తం దెబ్బతినదు. కొంత భాగం గీతలా మడతపడి గట్టిపడుతుంది. దాని చుట్టూ ఉన్న విశాలమైన భాగం ఆ మడత లాగి పట్టడం వల్ల మాత్రమే లోపలికి పోతుంది. మడతను విడిపిస్తే మిగిలినది చాలావరకు తనంతట తానే వెనక్కి వస్తుంది. అందుకే సొట్ట మధ్యలో సుత్తితో కొట్టడం తప్పు. దెబ్బ ఏ దిశ నుంచి వచ్చిందో, ఏ మడత చివర పడిందో చూసి, చివర పడినదాన్ని ముందు విప్పాలి. మంచి మేస్త్రీ సుత్తి పట్టే ముందు చాలాసేపు రేకును చూస్తూ, తడుముతూ ఉండిపోవడం ఇందుకే.

పనిముట్లు తక్కువే. చదును ముఖం సుత్తి, మొన సుత్తి, కర్ర సుత్తి, రేకు వెనక పట్టే ఉక్కు దిమ్మె అయిన డాలీ, ఆకురాయి. డాలీని రెండు రకాలుగా వాడతారు. ఉబ్బు మీద సుత్తి దెబ్బ వేస్తూ డాలీని పక్కనున్న గుంట వెనక ఒత్తి పడితే, ఉబ్బు దిగుతుంది, గుంట లేస్తుంది, రేకు సాగదు. సుత్తికి సరిగ్గా ఎదురుగా డాలీ పడితే రెండింటి మధ్య నలిగి రేకు పలచబడి సాగుతుంది. మొదటి పద్ధతితోనే తొంభై పాళ్ల పని పూర్తి చేసి, రెండోదాన్ని చివరి చిన్న గుంటలకే ఉంచుకోవాలి. దెబ్బలు ఎక్కువగా, తేలికగా పడాలి. నేర్చుకునేవారు బలంగా కొట్టి రేకును సాగదీయడం చాలా మామూలు.

సాగిన రేకును గుర్తుపట్టడం తేలిక. వేలితో నొక్కితే టక్‌మని లోపలికి పోయి, వదిలితే మళ్లీ బయటికి వస్తుంది. దీన్ని ఎంత కొట్టినా బాగుపడదు, ఇంకా సాగుతుంది. వేడితో కుదించాలి. గ్యాస్ మంటతో చిన్న కాసంత చోటును చెర్రీ ఎరుపుకు, సుమారు 700 డిగ్రీలకు తెస్తారు. వేడెక్కిన చోటు వ్యాకోచించాలని చూస్తుంది, చుట్టూ ఉన్న చల్లని రేకు అడ్డుపడుతుంది, పోయే దారి లేక అక్కడే మందమవుతుంది. వెంటనే డాలీ ఆనించి రెండు మూడు తేలిక దెబ్బలు వేసి తడిగుడ్డ అద్దితే ముడుచుకుని రేకు బిగుస్తుంది. ఒక చోట ఆరాక ఇంకో చోట. చదును బానెట్ మీద ఈ పని చేయడానికి ధైర్యం కావాలి, ముందుగా పాడైన ఒక పాత డోరు మీద అలవాటు చేసుకోవడం తప్పనిసరి.

అల్యూమినియం బాడీలకు ఇవే సూత్రాలు వర్తించినా ఒక ప్రమాదం ఉంది. అది ఎర్రబడదు. 660 డిగ్రీల దగ్గర హఠాత్తుగా కరిగి జారిపోతుంది. గ్యాస్ మంటతో ముందు మసి పూసి, ఆ మసి మాయమయ్యేంతవరకే వేడిచేస్తే మెత్తబడుతుంది, కరగదు.

అతుకు వేయడం

తుప్పు తిన్న చోట రంధ్రం ఉన్నంత మేరే కోయకూడదు. చుట్టూ గట్టి రేకు తగిలేదాకా కోయాలి. కొత్త ముక్కను అదే గేజి రేకుతో, అదే ఒంపుతో చేసుకోవాలి. అట్టముక్కతో నమూనా కోసుకుంటే రేకు వృథా కాదు. ముక్కను పాత రేకు మీద పైన వేసి అతకడం త్వరగా అవుతుంది కానీ రెండు పొరల మధ్య నీరు చేరి తుప్పు మళ్లీ మొదలవుతుంది. అంచుకు అంచు ఆనించి అతకడమే మేలు.

మామూలు ఆర్క్ వెల్డింగ్ పలుచని రేకును కాల్చి రంధ్రం చేస్తుంది. మన షెడ్లలో తరతరాలుగా సాగుతున్నది గ్యాస్ వెల్డింగ్. చేయి తిరిగినవారి చేతిలో అది చాలా అందంగా వస్తుంది, అతుకును తర్వాత సుత్తితో సాఫు చేసుకోవచ్చు. దానికి వేడి ఎక్కువ, మొదటిసారి చేసేవారు రేకును అలలు అలలుగా వంచేస్తారు. ఇంటికి 0.6 లేదా 0.8 మిల్లీమీటర్ల తీగతో నడిచే మిగ్ వెల్డర్ అనువైనది. అయినా గీతలా వరసగా వెల్డు చేయకూడదు. ఒక చుక్క ఇక్కడ, ఇంకో చుక్క అరచేతి దూరంలో, మధ్యలో చల్లారనిస్తూ, చివరికి చుక్కలన్నీ కలిసేలా పోవాలి. ముక్క మధ్యాహ్నానికల్లా అయిపోవాలనుకుంటే రేకు వంకర పోతుంది.

వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగలు విప్పాలి. పెట్రోలు ట్యాంకును బండి నుంచి తీసి దూరంగా పెట్టాలి. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదకరం, ఎందుకంటే అందులో ఉన్నది ఆవిరి. ట్యాంకుకు చిల్లు పడితే అది ఇంట్లో చేసే పని కాదు.

పుట్టీ

ప్లాస్టిక్ పుట్టీలు రాకముందు బాడీ గుంటలను సీసం, తగరం కలిపిన మాటుతో నింపేవారు. డెబ్బై పాళ్లు సీసం, ముప్పై పాళ్లు తగరం. ఈ మిశ్రమం 183 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలై 255 దాకా పూర్తిగా కరగదు. ఆ మధ్య వేడిలో వెన్నలా ఉంటుంది, మైనం రాసిన కర్ర గరిటెతో పరచవచ్చు. రేకుకు లోహంతో అతుకు కాబట్టి దశాబ్దాలు నిలుస్తుంది. దాని పొడి, పొగ విషం. అమెరికాలో 1950ల మధ్య పాలిస్టర్ పుట్టీ రావడంతో మాటు క్రమంగా వెనకబడింది.

ఇప్పటి పుట్టీ అంటే పాలిస్టర్ రెజిన్, టాల్కం పొడి, స్టైరీన్. దానికి రంగు హార్డెనర్ బరువులో సుమారు 2 శాతం కలపాలి. కలిపిన తర్వాత నాలుగైదు నిమిషాల్లో గట్టిపడుతుంది. హైదరాబాద్ మే నెల 40 డిగ్రీల ఎండలో ఆ సమయం కూడా ఉండదు. అందుకే వేసవిలో ఉదయం పూట, అరచేతిలో పట్టేంత మోతాదులోనే కలుపుకోవాలి. హార్డెనర్ తగ్గిస్తే నెమ్మదిగా ఆరుతుందిలే అనుకోవడం పొరపాటు. తగ్గితే లోపల పచ్చిగా మిగిలి తర్వాత కుంగుతుంది. ఎక్కువైతే దాని రంగు పై పెయింటులోకి ఎక్కి మరక వస్తుంది. గాలి బుడగలు చేరకూడదంటే గిలక్కొట్టకుండా మడిచి మడిచి కలపాలి.

పొర మందం మూడు మిల్లీమీటర్లు దాటకుండా చూసుకోవడం మేలు, ఐదు దాటితే పగుళ్లు తప్పవు. తుప్పు రంధ్రాన్ని పుట్టీతో మూయడం ఎక్కడా సరికాదు. టాల్కం తేమను పీలుస్తుంది, వెనక నుంచి వచ్చే నీటితో ఆ ముద్ద రేకు నుంచి లేచిపోతుంది. ఇదే కారణంగా ఈ పుట్టీని నీళ్లు పోసి రుద్దకూడదు. మన పెయింటర్లలో చాలామందికి అన్నిటినీ వాటర్ పేపర్‌తో తడిపి రుద్దే అలవాటు ఉంది. అది ట్యూబులో వచ్చే సన్న పుట్టీకి, రంగు కింద వేసే మందపాటి ప్రైమర్ అయిన సర్ఫేసర్‌కు వర్తిస్తుంది, పాలిస్టర్ పుట్టీకి వర్తించదు. వానాకాలంలో రంగేసిన నాలుగు నెలలకే బుడగలు లేవడానికి ఈ అలవాటు పెద్ద కారణం.

నునుపు

చూపుకు నునుపుగా ఉండటం వేరు, ఒంపు సమంగా ఉండటం వేరు. చేత్తో ఎమరీ పేపర్ పట్టి రుద్దితే వేళ్ల కింద గుంటలు పడతాయి. ఉపరితలం అద్దంలా మెరిసినా వెలుతురు పడితే అలలు కనిపిస్తాయి. కాగితాన్ని పొడుగాటి చదును చెక్కకు చుట్టి, ప్యానెల్ మొత్తం పొడవునా, ఒకసారి ఎడమ వాలుగా, ఒకసారి కుడి వాలుగా రుద్దాలి. చెక్క ఎంత పొడవైతే అల అంత త్వరగా పోతుంది. ఒంపు భాగాలకు వంగే రబ్బరు పలక వాడతారు. మొదట 80 నంబరు కాగితంతో ఆకారం తేవాలి, తర్వాత 150, 240. ఆకారం 80 దగ్గరే కుదరాలి. అక్కడ మిగిలిన ఎత్తుపల్లాన్ని సన్న కాగితం సరిచేయలేదు, మెరుగు మాత్రమే పెడుతుంది.

ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం అన్నది తెలియడానికి పలుచగా నల్ల రంగు చల్లుతారు. రుద్దగానే ఎత్తుల మీది నలుపు ముందు పోతుంది, పల్లాల్లో మిగులుతుంది. కింది రేకు బయటపడి ఇంకా పల్లం మిగిలితే మరింత రుద్దడం కాదు, ఆ ఎత్తును మొన సుత్తితో కొద్దిగా దించాలి. ఈ ఒక్క విషయం పాటిస్తే పుట్టీ సగానికి తగ్గుతుంది. చేత్తో తడమడం మరో పరీక్ష. వేళ్ల కొసలతో కాక అరచేయి మొత్తం ఆనించి, మధ్యలో పలుచటి నూలుగుడ్డ ఉంచి, కళ్లు మూసుకుని జరిపితే కంటికి కనపడని అల తగులుతుంది. సర్ఫేసర్ వేశాక చేసే చివరి పరీక్ష ట్యూబ్‌లైటుది. ప్యానెల్‌ను నీటితోనో కిరోసిన్‌తోనో కొంచెం తడిపి, పక్క నుంచి లైటు ప్రతిబింబం చూస్తే గీత తిన్నగా నడవాలి. వణికిన చోటల్లా పని మిగిలి ఉన్నట్టు.

పుట్టీ మీద వేసే సర్ఫేసర్ రెండు మూడు పొరలు. అది ఆరాక 400, 600 నంబరు వాటర్ పేపర్ తడిపి చెక్కతో రుద్దడం. సర్ఫేసర్ కొన్ని వారాల పాటు కుంచించుకుంటూ ఉంటుంది. తొందరపడి రంగేస్తే కింది గరుకు గీతలు నెల తర్వాత పైకి తేలతాయి. షెడ్డులో ఇన్ని వారాలు బండిని ఆపరు. ఇంట్లో ఆపవచ్చు.

రంగు

1920ల నుంచి వాడుకలోకి వచ్చిన నైట్రోసెల్యులోజ్ లక్కర్ పాత కార్లకు సహజమైన రంగు. త్వరగా ఆరుతుంది, తప్పు వస్తే రుద్ది సరిచేయవచ్చు. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న జూలై, ఆగస్టుల్లో తెల్లబారుతుంది కనుక వానలు పూర్తిగా వెనకబడి చలికాలం మొదలయ్యాక వేయడం బేగంపేటలో తెలివైన పని. రెండు డబ్బాల పాలీయురేథేన్ రంగులు ఎక్కువ కాలం మెరుస్తాయి. వాటి హార్డెనర్‌లోని ఐసోసైనేట్ పొగ ఉబ్బసం తెప్పిస్తుంది. మామూలు గుడ్డ మాస్కు, ధూళి మాస్కు దాన్ని ఆపవు, బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్కు కావాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఈ రంగు చల్లడం మీ ఇంటికీ పైఅంతస్తుల వారికీ ప్రమాదం. రేకుపని, పుట్టీ, సర్ఫేసర్ వరకు ఇంట్లో చేసుకుని, చివరి రంగును బూత్ ఉన్న షెడ్డుకు అప్పగించడం సరైన పద్ధతి.

పాత రంగు పొరల్లో సీసం ఉండవచ్చు. 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన 90 పీపీఎం పరిమితి ఇళ్లకు, అలంకరణకు వాడే రంగులకే వర్తిస్తుంది, పాత బండి మీదున్న పొరలకు ఏ పరిమితీ లేదు. వాటిని పొడిగా గ్రైండ్ చేయకుండా పెయింట్ రిమూవర్‌తోనో తడిపో తీయాలి. పిల్లలు తిరిగే చోట పని చేయకూడదు. పనిచేసిన బట్టలు విడిగా ఉతకాలి.

నమోదు

పనంతా అయ్యాక బండి రంగు మారి ఉంటే ఆ మార్పును ఆర్టీఏ కార్యాలయంలో ఆర్‌సీలో నమోదు చేయించుకోవాలి. యాభై ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు కేంద్ర రవాణా శాఖ 2021 జూలైలో వింటేజ్ నమోదు నిబంధనలు తెచ్చింది. నంబరులో రాష్ట్రం కోడ్ తర్వాత ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత మళ్లీ నమోదుకు 5,000 రూపాయలు. ఛాసిస్‌లో గానీ, బాడీలో గానీ, ఇంజన్‌లో గానీ మార్పులతో కూడిన భారీ మరమ్మతు జరగకుండా మొదటి రూపంలోనే ఉన్న బండికే ఈ నమోదు దక్కుతుంది. కాబట్టి బండి విప్పే ముందే నాలుగు వైపులా ఫోటోలు తీసి, కోసిన ప్రతి ముక్కనూ, వేసిన ప్రతి అతుకునూ తేదీతో రాసి ఉంచుకోండి.